కారు ఆంప్లిఫయర్‌కు పవర్ వైరింగ్: రాగి, ఫ్యూజు, లగ్గు చూసి ఎంచుకోవడం ఎలా

మూడేళ్ల కిందట మే నెలలో గుత్తి నుంచి అనంతపురం వస్తుంటే మా కారులో సబ్‌వూఫర్, అంటే బేస్ వినిపించే పెద్ద స్పీకరు, ఉన్నట్టుండి ఆగిపోయింది. కాసేపటికే ప్లాస్టిక్ కాలిన వాసన. రోడ్డు పక్కన ఆపి బానెట్ ఎత్తి చూస్తే, బ్యాటరీ పక్కనున్న ఫ్యూజు హోల్డర్ మైనంలా కరిగి ముద్దయిపోయింది. లోపలి ఫ్యూజు మాత్రం తెగలేదు. ‘4 గేజ్, 2000 వాట్స్’ అని పెట్టె మీద రాసి అమ్మిన వైరింగ్ కిట్ అది.

ఇంటికొచ్చాక ఆ వైరు మా చిన్నాయన చేతిలో పెట్టాను. ఆయనకు కారు ఆడియో గురించి తెలియదు. కానీ ముప్పై ఏళ్లుగా బోరు మోటార్లతో సేద్యం చేస్తున్న మనిషి. వైరును అరచేతిలో ఒకసారి ఎత్తి దించి, “దీంట్లో బరువే లేదు కదరా, ఇది రాగి కాదు” అన్నాడు. బ్లేడుతో గీసి చూస్తే ఎర్రటి పూత కింద తెల్లగా అల్యూమినియం కనిపించింది.

బోరు నీళ్లతో బతికే మన జిల్లాల్లో ఈ తెలివి చాలామందికి ఉంది. లోతు బోరులోకి సన్న కేబుల్ వేస్తే దిగువకు చేరేసరికి వోల్టేజీ పడిపోయి మోటారు కాలుతుందని రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. కారులో బ్యాటరీ నుంచి డిక్కీలోని ఆంప్లిఫయర్ (స్పీకర్లకు బలం ఇచ్చే పెట్టె) దాకా జరిగేదీ అదే. పైగా అక్కడ ఉండేది 12 వోల్టులే కాబట్టి, అర వోల్టు పోయినా నష్టం తెలుస్తుంది. అందుకే ఈ మార్గదర్శిలో పెట్టె మీది రాతల జోలికి పోను. మీ చేత్తో, తక్కెడతో, మల్టీమీటరుతో మీరే తేల్చుకోగలిగిన విషయాలే చెబుతాను.

1. ముందు ఎన్ని ఆంపియర్లో లెక్క వేయండి

వైరు అంగడికి వెళ్లకముందే ఈ లెక్క కాగితం మీద ఉండాలి. ఆంప్లిఫయర్ పుస్తకంలో ఆర్‌ఎంఎస్ వాట్స్, అంటే నిలకడగా ఇవ్వగలిగే పవర్, ఎంతో చూడండి. ‘మ్యాక్స్’, ‘పీక్’ అని రాసిన అంకెలను వదిలేయండి. ఆంప్లిఫయర్లలో క్లాస్ డి, క్లాస్ ఏబీ అని రకాలుంటాయి. క్లాస్ డి అయితే తీసుకున్న పవర్‌లో దాదాపు 80 శాతాన్ని స్పీకర్లకు ఇస్తుంది, మిగతాది వేడి. క్లాస్ ఏబీ అయితే 50 నుంచి 60 శాతమే అనుకోండి.

ఒక ఉదాహరణ. సబ్‌వూఫర్‌కు 500 వాట్ల క్లాస్ డి మోనో (ఒకే చానల్ ఉన్నది), డోర్ స్పీకర్లకు 75 వాట్ల చొప్పున నాలుగు చానళ్ల క్లాస్ ఏబీ ఉన్నాయనుకుందాం. మొదటిది 500ను 0.8తో భాగిస్తే 625 వాట్లు, దాన్ని ఇంజను నడుస్తున్నప్పుడు ఉండే 13.5 వోల్టులతో భాగిస్తే సుమారు 46 ఆంపియర్లు. రెండోది 300ను 0.55తో భాగిస్తే 545 వాట్లు, అంటే దాదాపు 40 ఆంపియర్లు. మొత్తం 86. ఇది గరిష్ఠం. మామూలుగా పాటలు వింటున్నప్పుడు సగటు ఇందులో మూడో వంతు కూడా ఉండకపోవచ్చు. అయినా వైరును గరిష్ఠానికే కొలవాలి.

పుస్తకం లేకపోతేనో, అందులోని అంకె మీద అనుమానం ఉంటేనో ఆంప్లిఫయర్‌కే బిగించి ఉన్న ఫ్యూజులు చూడండి. వాటి మొత్తం 40 ఆంపియర్లయితే లోపలికి పోయేది 40 ఇంటూ 13.5, అంటే 540 వాట్లు. క్లాస్ డి అయినా బయటికి వచ్చేది 430కి మించదు. అలాంటి దాని మీద 2000 వాట్స్ అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా పట్టించుకోకండి. వైరు సైజు కూడా ఆ ఫ్యూజుల మొత్తాన్ని బట్టే తీసుకోవచ్చు.

ఇదే కాగితం మీద ఆల్టర్నేటర్ (ఇంజను తిప్పితే కరెంటు పుట్టించేది) సామర్థ్యం కూడా రాసుకోండి. దాని లేబుల్ మీద ఆంపియర్లు ఉంటాయి. మన ఎండలకు ఏసీ, రేడియేటర్ ఫ్యాను ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి, రాత్రయితే హెడ్‌లైట్లు తోడవుతాయి. కారు సొంత అవసరాలు పోగా మిగిలేదే ఆడియోకు దక్కుతుంది. బండి ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు ఆల్టర్నేటర్ పూర్తి సామర్థ్యం ఇవ్వదు. పెళ్లి ఊరేగింపులో గంటసేపు నిదానంగా కదులుతూ పూర్తి సౌండు పెట్టిన కారు మర్నాడు పొద్దున స్టార్ట్ కాకపోవడానికి కారణం ఇదే. ఎంత మంచి వైరు వేసినా ఈ లోటు తీరదు. కెపాసిటర్ పెడితే సరిపోతుందని చెప్పేవాళ్లుంటారు. అది సెకనులో కొంత భాగం ఆదుకుంటుందే తప్ప, లేని కరెంటును పుట్టించలేదు.

2. వైరు మందం: గేజ్ కాదు, స్క్వేర్ ఎంఎం అడగండి

కార్ యాక్సెసరీస్ అంగట్లో వైరును గేజ్‌లో చెబుతారు. గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావవుతుంది. అసలైన 8 గేజ్ అంటే 8.4 స్క్వేర్ ఎంఎం (అడ్డకోత వైశాల్యం) రాగి, 4 గేజ్ అంటే 21, జీరో గేజ్ అంటే 53. చిక్కంతా ‘అసలైన’ అన్న మాటలోనే ఉంది. మాకు అమ్మిన 4 గేజ్ వైరులో బొటనవేలంత రబ్బరు మధ్యలో చాలా సన్నటి తీగ ఉంది. గేజ్ పేరు పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అదే ఎలక్ట్రికల్ అంగట్లో 25 స్క్వేర్ ఎంఎం అని అడిగితే, ఐఎస్ఐ గుర్తున్న కేబుల్‌కు నిరోధం ఎంత దాటకూడదో ప్రమాణం ఉంది.

సన్నపోగుల రాగి కేబుల్‌లో ఒక మీటరుకు ఉండదగిన గరిష్ఠ నిరోధం 20 డిగ్రీల దగ్గర ఇలా ఉంటుంది: 10 స్క్వేర్ ఎంఎంకు 1.91 మిల్లీఓములు, 16కు 1.21, 25కు 0.78, 35కు 0.554. బ్యాటరీ నుంచి డిక్కీకి 5 మీటర్లు అనుకుని 86 ఆంపియర్లతో గుణిస్తే, 16 వేసినప్పుడు 0.52 వోల్టు పోతుంది. 25 వేస్తే 0.34 పోతుంది. నేను పెట్టుకున్న హద్దు గరిష్ఠం దగ్గర మూడో వంతు వోల్టు. కాబట్టి పై ఉదాహరణకు 25 సరిపోతుంది. ఒక్క మోనో ఆంప్లిఫయరే అయి 46 ఆంపియర్లు చాలనుకుంటే 16 చాలు. రేపు ఇంకో ఆంప్లిఫయర్ పెట్టాలన్న ఆలోచన ఉంటే ఇప్పుడే ఒక సైజు పెద్దది వేయండి. కార్పెట్లు, సీట్లు రెండోసారి ఊడదీసే కూలీ వైరు ధర తేడా కన్నా ఎక్కువవుతుంది.

3. రాగా, రాగి పూతా

ఈ మార్గదర్శిలో నిదానంగా చదవాల్సింది ఈ భాగమే. ఇక్కడ మోసపోతే మిగతా జాగ్రత్తలన్నీ వృథా.

చవక కిట్లలో ఎక్కువగా వచ్చేది సీసీఏ, అంటే రాగి పూసిన అల్యూమినియం. అసలు రాగితో పోలిస్తే దాని వాహకత మూడింట రెండు వంతులకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. కాబట్టి అదే పనికి రెండు గేజ్‌లు లావు వైరు కావాలి. నిరోధం ఎక్కువన్నది ఒక్కటే అయితే లావు వైరు వేసి సర్దుకోవచ్చు. అసలు ఇబ్బంది కనెక్షన్ల దగ్గర. స్క్రూ కింద బిగించిన అల్యూమినియం ఒత్తిడికి మెల్లగా అణిగిపోతుంది, బిగింపు వదులవుతుంది. గాలి తగిలిన చోట దాని మీద ఏర్పడే ఆక్సైడ్ పొర కరెంటును అడ్డుకుంటుంది. వదులైన చోట 0.01 ఓము నిరోధం పుట్టిందనుకోండి. 60 ఆంపియర్లు పోతే అక్కడ 36 వాట్ల వేడి తయారవుతుంది. సోల్డరింగ్‌కు వాడే చిన్న ఐరన్ 25 వాట్లే. మా ఫ్యూజు హోల్డర్ ఎందుకు కరిగిందో, ఫ్యూజు ఎందుకు తెగలేదో నాకు ఈ లెక్క వేశాకే అర్థమైంది. ఫ్యూజుకు తెలిసేది తనలోంచి పోయే కరెంటు ఎంతో మాత్రమే. పక్క స్క్రూ దగ్గర ఎంత కాలుతోందో అది చూడలేదు.

అంగట్లోనే చేయదగ్గ పరీక్షలు రెండు. మొదటిది గీత. ఒక పోగు తీసి బ్లేడుతో గట్టిగా గీకండి. బయట ఎరుపు, లోపల తెలుపు అయితే సీసీఏ. బయట తెలుపు, లోపల ఎరుపు అయితే తగరం పూత పూసిన రాగి, అది ఇంకా మంచిది. తెల్లగా కనిపించిందని దాన్ని వెనక్కి ఇవ్వకండి.

రెండోది తూకం. 25 స్క్వేర్ ఎంఎం రాగి మీటరుకు 224 గ్రాములు తూగుతుంది. అయిదు మీటర్లంటే 1,120 గ్రాములు, పైతొడుగు బరువు కాకుండానే. నిజమైన 4 గేజ్ అయితే 5 మీటర్లకు రాగే 950 గ్రాముల దాకా ఉండాలి. రాగి పూసిన అల్యూమినియం అయితే ఇందులో సగం కూడా తూగదు. పక్కనున్న కిరాణా అంగట్లో తక్కెడ మీద పెట్టినా చాలు. ఆ రోజు కిలో రాగి ధర ఎంతో పాత్రల అంగట్లో అడిగి చూడండి. కిట్ మొత్తం ధర అందులో ఉండాల్సిన రాగి ధరకన్నా తక్కువుంటే అది రాగి కాదని పెట్టె తెరవకుండానే చెప్పొచ్చు.

కొన్నాక ఇంటి దగ్గర చేసుకునే మూడో పరీక్ష నాకు అన్నిటికన్నా ఇష్టం. వైరు రెండు కొసల మధ్య 5 మీటర్లు ఉంచి, బ్యాటరీకి ఆ వైరు ద్వారా ఒక హెడ్‌లైట్ బల్బు వెలిగించండి. చిన్న ఫ్యూజు ఒకటి మధ్యలో పెట్టడం మరవద్దు. మల్టీమీటరును 10 ఆంప్స్ రేంజిలో పెట్టి బల్బు ఎంత తీసుకుంటుందో చూసి రాసుకోండి, 55 వాట్ల బల్బు నాలుగున్నర దగ్గర ఉంటుంది. తర్వాత మీటరును 200 మిల్లీవోల్టుల రేంజికి మార్చి, వైరు ఈ కొసన ఒక మొన, ఆ కొసన ఒక మొన ఆనించండి. వచ్చిన మిల్లీవోల్టులను ఆంపియర్లతో భాగించండి. 25 స్క్వేర్ ఎంఎం రాగికి 3.9 లోపు రావాలి, 16కు 6 లోపు, 35కు 2.8 లోపు. మన ఎండాకాలపు మధ్యాహ్నం కొలిస్తే ఒక పది శాతం ఎక్కువ వచ్చినా తప్పు లేదు. వేడికి రాగి నిరోధం పెరుగుతుంది. ఇంకా ఎక్కువ వస్తే వైరు లోహమో, మందమో చెప్పినట్టు లేదు.

4. ఎక్కడ కొనాలి, ఏ తొడుగు

పేరున్న ఆడియో కంపెనీల ఓఎఫ్‌సీ (ఆక్సిజన్ తీసేసిన) రాగి కేబుల్ దొరికితే, పై పరీక్షల్లో నెగ్గితే అదే తీసుకోండి. మెత్తగా వంగుతుంది, బిగించడం సులువు. దొరకకపోతే ఎలక్ట్రికల్ హోల్‌సేల్ అంగట్లో పాలీక్యాబ్, ఫినోలెక్స్ లాంటి కంపెనీల సింగిల్ కోర్ ఫ్లెక్సిబుల్ రాగి కేబుల్ అడగండి. ఆక్సిజన్ తీసేసిన రాగి అన్న ప్రచారానికి పవర్ వైరులో పెద్ద విలువ లేదు. కేబుల్‌కు వాడే మామూలు శుద్ధ రాగి కూడా దాదాపు అంతే కరెంటు మోస్తుంది.

ఇంకో మంచి దారి వెల్డింగ్ కేబుల్. సన్నటి పోగులు వందల కొద్దీ ఉంటాయి కాబట్టి బాగా వంగుతుంది. అయితే మన దగ్గర అల్యూమినియం వెల్డింగ్ కేబుల్ కూడా విరివిగా అమ్ముతారు. ‘కాపర్’ అని నోటితో అడిగి, బిల్లు మీద రాయించుకోండి. తొడుగు హెచ్‌ఓఎఫ్‌ఆర్ రకం అయితే మంచిది. వేడిని, నూనెను, మంటను తట్టుకునేలా చేసిన రబ్బరు అది.

తొడుగు గురించి ఇంతగా చెప్పడానికి కారణం మన వాతావరణమే. మామూలు పీవీసీ తొడుగు 70 డిగ్రీల వరకే. కర్నూలు, అనంతపురం, కడపల్లో మే నెల మధ్యాహ్నం నీడలోనే 42, 43 డిగ్రీలుంటే, బానెట్ కింద ఇంజను వేడి తోడై ఆ హద్దు సులువుగా దాటుతుంది. కనీసం ఇంజను వైపు ఉన్న భాగానికైనా 105 డిగ్రీల తొడుగు గానీ హెచ్‌ఓఎఫ్‌ఆర్ గానీ ఉండాలి.

5. ఫ్యూజు: కాపాడేది వైరును

చాలామంది ఫ్యూజు ఆంప్లిఫయర్ కోసం అనుకుంటారు. ఆంప్లిఫయర్‌కు దాని ఫ్యూజు దానికే ఉంది. బ్యాటరీ దగ్గర పెట్టేది వైరును కాపాడటానికి. ఎక్కడైనా తొడుగు చీరి వైరు బాడీకి తగిలితే బ్యాటరీ క్షణంలో వందల ఆంపియర్లు కుమ్మరిస్తుంది. ఫ్యూజు లేకపోతే వైరు ఎర్రగా కాలి కార్పెట్‌కు అంటుకుంటుంది. అందుకే ఫ్యూజు బ్యాటరీ ప్లస్ నుంచి 45 సెంటీమీటర్లలోపే ఉండాలి. ఎంత దగ్గరైతే అంత మంచిది, ఎందుకంటే బ్యాటరీకి, ఫ్యూజుకు మధ్య ఉన్న ముక్కకు ఏ రక్షణా లేదు.

విలువ రెండు హద్దుల మధ్య ఉండాలి: మీ గరిష్ఠ కరెంటుకు కాస్త ఎక్కువ, వైరు మోయగలిగేదానికి తక్కువ. మన వేడిని దృష్టిలో పెట్టుకుని నేను కాస్త వెనక్కి తగ్గి, 10 స్క్వేర్ ఎంఎం రాగికి 50 ఆంపియర్లు, 16కు 80, 25కు 125, 35కు 150 మించనివ్వను. మన ఉదాహరణకు 86 ఆంపియర్లు, 25 వైరు కాబట్టి 100 ఆంపియర్ల ఫ్యూజు. మాటిమాటికీ తెగుతోందని పెద్ద ఫ్యూజు వేయడం, రాగి తీగ చుట్టడం చేయకండి. అది ఏదో చెబుతోంది, వెతకండి.

రకాల్లో బోల్టుతో బిగించే ఏఎన్‌ఎల్, మిడి, మెగా ఫ్యూజులు నమ్మదగ్గవి. బస్‌మన్, లిటిల్‌ఫ్యూజ్ లాంటి ఫ్యూజు కంపెనీలవి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. గాజు గొట్టం లాంటి ఏజీయూ ఫ్యూజులను పెద్ద కరెంటుకు వాడొద్దు. వాటి రెండు మూతులు స్ప్రింగు బలంతోనే ఆని ఉంటాయి, ఆ ఆనిక వదులైతే అక్కడే వేడెక్కుతుంది. చవక సర్క్యూట్ బ్రేకర్లూ వద్దు. బానెట్ వేడికే ట్రిప్పయ్యేవి ఉన్నాయి, అసలు పడాల్సినప్పుడు పడనివీ ఉన్నాయి.

హోల్డర్‌ను ఫ్యూజుకన్నా శ్రద్ధగా చూడండి. చిన్న స్క్రూ మొనతో వైరును గుచ్చి పట్టుకునే రకం వద్దు. లగ్గు (వైరు కొసకు తొడిగే, బోల్టు రంధ్రమున్న లోహపు ముక్క) వేసి, బోల్టు మీద నట్టుతో బిగించే రకం తీసుకోండి. లోపలి లోహం అయస్కాంతానికి అంటుకుంటే అది ఇనుము, పక్కన పెట్టేయండి. మూత గట్టిగా పట్టాలి. మన ఎర్రమట్టి దుమ్ము ఎంత చిన్న సందు నుంచైనా లోపలికి చేరుతుంది.

6. లగ్గులు, క్రింపింగ్

వైరు కొస ప్రతిచోటా తగరం పూసిన రాగి లగ్గుతోనే ముగియాలి. డోవెల్స్ లాంటి కంపెనీల లగ్గులు ఎలక్ట్రికల్ అంగళ్లలో సైజు గుద్ది ఉంటాయి. 25 స్క్వేర్ ఎంఎంకు 25 లగ్గు, బోల్టు 8 ఎంఎం అయితే 8 రంధ్రం. వైరు దూరడం లేదని పోగులు కత్తిరించేవాళ్లను చూశాను. అలా చేస్తే 25 వైరు కొని 16 వేసినట్టే.

సుత్తితో కొట్టి, కటింగ్ ప్లయరుతో నొక్కి వదిలేస్తే క్రింపింగ్ (లగ్గును వైరు మీద నొక్కి బిగించడం) కాదు. దీనికి హైడ్రాలిక్ క్రింపింగ్ టూల్ కావాలి, మీరు కొనక్కర్లేదు. బోరు మోటార్లకు ప్యానల్ బోర్డులు కట్టే అంగళ్లు మన ఊళ్లన్నిటా ఉన్నాయి, వాళ్ల దగ్గర ఆ టూల్ ఉంటుంది. పొడవు కొలుచుకుని వైరు, లగ్గులు తీసుకుపోయి, “అన్నా, ఈ నాలుగూ నొక్కివ్వు” అంటే పది నిమిషాల పని. కారులో దూర్చాల్సిన కొసను మాత్రం ముందే నొక్కించకండి, సన్నటి సందుల్లోంచి లగ్గు దూరకపోవచ్చు. నొక్కాక వైరును గట్టిగా లాగి చూడండి, కదలకూడదు. తర్వాత హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి చేస్తే బిగుసుకునే గొట్టం) వేయండి.

7. గ్రౌండ్

ప్లస్ వైరు ఎంత లావో గ్రౌండు వైరు (ఆంప్లిఫయర్ మైనస్ నుంచి కారు బాడీకి వేసేది) కూడా అంతే ఉండాలి. పొడవు మాత్రం అర మీటరు దాటకుండా చూడండి. పోయిన కరెంటంతా తిరిగి రావాలి కదా. డిక్కీలో మందపాటి రేకు ఉన్న చోట, పెయింటు పూర్తిగా గీకి లోహం మెరిసేలా చేసి, బోల్టు, స్ప్రింగు వాషరు వేసి బిగించండి. పైన కాస్త గ్రీజు గానీ పెయింటు గానీ పూస్తే తుప్పు పట్టదు. సీటు బెల్టు బోల్టును ఎప్పటికీ ముట్టుకోవద్దు. రంధ్రం వేసేముందు కిందికి వంగి పెట్రోలు ట్యాంకు, పైపులు ఎక్కడున్నాయో చూడండి.

డిక్కీలో గ్రౌండు బాగున్నా, బానెట్ కింద బ్యాటరీ మైనస్ నుంచి బాడీకి పోయే కంపెనీ వైరు సన్నగా ఉంటే అక్కడ ఇరుకవుతుంది. దానికి తోడుగా మరో 25 స్క్వేర్ ఎంఎం ముక్క వేయడం తక్కువ ఖర్చుతో మంచి ఫలితం ఇస్తుంది. స్టార్ట్‌స్టాప్ ఉన్న కార్లలో మైనస్ టెర్మినల్ మీద చిన్న సెన్సర్ ఉంటుంది. మీ వైరును సెన్సర్ దాటాక బాడీ వైపున బిగించాలి. నేరుగా బ్యాటరీ మొనకు బిగిస్తే కారు కంప్యూటర్ లెక్క తప్పుతుంది.

8. దారి వేయడం

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ తీసేయండి, అంతా అయ్యాకే చివరగా పెట్టండి. ఫ్యూజు కూడా అప్పటిదాకా హోల్డర్‌లో ఉండకూడదు. ఇంజనుకు, క్యాబిన్‌కు మధ్య రేకులోంచి వైరు పోయేచోట రబ్బరు గ్రొమెట్ (రంధ్రం అంచుకు తొడిగే రింగు) తప్పనిసరి. పవర్ వైరు ఒక పక్క నుంచి, ఆర్‌సీఏ వైర్లు (పాట సిగ్నల్ తెచ్చేవి) ఇంకో పక్క నుంచి పోనివ్వండి.

శెనిక్కాయలు ఇంటికొచ్చే కాలంలో కారు పెట్టే చోటు గురించి కూడా ఆలోచించండి. మూటలు ఉన్నచోట ఎలుకలుంటాయి, అవి బానెట్ కిందికి చేరి తొడుగులు కొరుకుతాయి. ఇంజను వైపు వైరంతా గట్టి కొరుగేటెడ్ పైపులో పెట్టి, అడుగుకొక చోట టై వేయండి. పైపు ఉన్నా ఆ రెండు నెలలూ వారానికోసారి బానెట్ ఎత్తి చూడటం మంచిది.

9. చివరి కొలతలు

ఇంజను ఆన్ చేసి, మీరు ఎప్పుడూ వినేదానికన్నా కాస్త ఎక్కువ సౌండుతో బేస్ ఉన్న పాట పెట్టండి. పొడవాటి తీగ సాయంతో మల్టీమీటరు ఒక మొన బ్యాటరీ ప్లస్‌కు, ఇంకో మొన ఆంప్లిఫయర్ ప్లస్‌కు ఆనించండి. పెద్ద దెబ్బలు పడ్డప్పుడు కూడా 0.3 వోల్టు దగ్గరే ఆగాలి. అలాగే బ్యాటరీ మైనస్ నుంచి ఆంప్లిఫయర్ గ్రౌండుకు కొలవండి, అది ఇంకా తక్కువ ఉండాలి. ఎక్కువొస్తే మొన ఒక్కో జాయింటు మీదుగా జరుపుతూ పోండి. ఏ జాయింటు దగ్గర అంకె ఎగిరిందో తప్పు అక్కడే ఉంది.

పావుగంట పాటలు విన్నాక, ఇంజను ఆపి, ఫ్యూజు హోల్డరును, ప్రతి లగ్గునూ చేత్తో తాకి చూడండి. వైరు కాస్త గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. వైరుకన్నా జాయింటు వేడిగా ఉంటే దాన్ని విప్పి మళ్లీ బిగించాలి. మూడు వారాలు తిరిగాక, గతుకుల రోడ్లు చూశాక, అన్ని నట్లనూ స్పానరుతో మరోసారి సరిచూడండి. నేను ఇప్పుడు ఉగాదికి ఒకసారి, ఎండలు ముదరకముందే, దసరాకు ఒకసారి చూస్తున్నాను. చిన్నాయన వేయించిన రాగి కేబుల్‌తో రెండు ఎండాకాలాలు గడిచాయి. హోల్డరు మీద చేయి పెట్టి అలాగే ఉంచగలుగుతున్నాను.